కోతకు ముందు చెప్పే మాట

బరువు తగ్గించే ఆపరేషన్‌కి సిద్ధపడ్డవాళ్ళు డాక్టరుని అడిగే ప్రశ్నలు ఎన్నున్నా, వాటిలో రెండు మాత్రం తప్పవు. నొప్పి ఎంతుంటుంది? మళ్ళీ ఎప్పటికి మామూలు మనిషినవుతాను? ఈ శస్త్రచికిత్సకి ఇప్పుడు డెబ్బై ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్రని వైద్యులు రాసినప్పుడు ఏ పేగుని ఎక్కడ కోసి ఎక్కడ కలిపారు, ఏ ఏడు ఏ పద్ధతి వచ్చింది అన్న వరుసలో రాస్తారు. నేను డాక్టర్ని కాను, కోడు రాసుకుని బతికేవాణ్ణి. నాకు మాత్రం దాన్ని ఆ రెండు ప్రశ్నలకి ఏ కాలంలో ఏ జవాబు దొరికిందో చూసుకుంటూ చదివితేనే అర్థమైంది. అలా చదివితే కథానాయకులు కూడా కొంచెం మారిపోతారు. సర్జన్ల పక్కన మత్తు డాక్టర్లు కనబడతారు.

పాత కథలు కొన్ని ఉన్నాయి. బాబిలోనియా తాల్ముద్‌లో ఎలియాజర్ అనే ఒక భారీకాయుడైన రబ్బీకి నిద్రమందు పట్టించి, పాలరాతి గదిలోకి తీసుకెళ్ళి, పొట్ట కోసి బుట్టల కొద్దీ కొవ్వు తీశారని ఉంది. చరిత్రగా దీన్ని నమ్మక్కర్లేదు. కానీ ఆ కథ చెప్పినవాడికి కూడా ముందు నిద్రమందు గుర్తొచ్చింది చూడండి, కత్తి తరవాతే. మన వైపు చరకసంహిత సూత్రస్థానంలో ఎనిమిది రకాల మనుషుల్ని ‘నిందితులు’ అన్నారు. మరీ పొడుగు, మరీ పొట్టి, మరీ నలుపు, మరీ తెలుపు, ఇలా. ఆ ఎనిమిదిమందిలో అతిస్థూలుడూ అతికృశుడూ ఎక్కువ నిందితులు. అక్కడ ఆ మాటకి అర్థం వేరే కావచ్చు గానీ, ఇవాళ్టి తెలుగులో నిందితుడంటే కేసు పడ్డవాడు. లావుగా ఉన్న మనిషి మన ఇళ్ళల్లో, పెళ్ళిళ్ళలో, క్లినిక్కుల్లో ఎదుర్కొనే చూపుకి రెండో అర్థమే సరిగ్గా సరిపోతుంది. నొప్పి గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి పక్కన పెట్టలేం. కేసు పడ్డవాడు నొప్పి అంటే వినేవాళ్ళు తక్కువ.

అసలు కథ 1950ల్లో మొదలవుతుంది. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్‌లో విక్టర్ హెన్రిక్సన్ అనే సర్జన్ 1952లో ఒక రోగికి చిన్నపేగులో కొంత భాగం తీసేశాడు. 1954లో మినెసోటా విశ్వవిద్యాలయంలో క్రెమెన్, లినర్, నెల్సన్ కుక్కల మీద ప్రయోగాలు చేసి, చిన్నపేగులో పై భాగం పోతే ఏమవుతుంది, కింది భాగం పోతే ఏమవుతుంది అని చూశారు. వాళ్ళకి కావల్సింది పోషకాలు ఎక్కడ ఇంకుతాయో తెలుసుకోవడం. కింది భాగం తప్పిస్తే కొవ్వు సరిగ్గా ఇంకలేదు, బరువు తగ్గింది. మరి లావు తగ్గడానికి మనుషుల్లోనూ ఇలాగే దారి మళ్ళిస్తే?

లాస్ ఏంజెలెస్‌లో హోవర్డ్ పేన్, లోరెన్ డివిండ్ 1956లో ఆ పని మొదలుపెట్టారు. చిన్నపేగు మొదట్లో ఒక పదిహేను అంగుళాలు మాత్రం ఉంచి, దాన్ని నేరుగా పెద్దపేగుకి కలిపేశారు. దాదాపు ఆరు మీటర్ల దారికి అదీ బైపాస్. ఓ పదిమంది రోగులు. అందరూ తగ్గారు. ఆగని విరేచనాలు, ఒంట్లో లవణాలు తల్లకిందులవడం, కాలేయం దెబ్బతినడం కూడా వచ్చాయి. అసలు ప్లాను ఏమిటంటే, కావల్సినంత బరువు తగ్గాక మళ్ళీ పొట్ట తెరిచి కొంత పేగుని దారిలోకి తెచ్చుకోవచ్చని. మా భాషలో దీన్ని రోల్‌బ్యాక్ అంటాం. రోల్‌బ్యాక్ చేశారు, బరువూ రోల్‌బ్యాక్ అయింది.

దాని తరవాత పేన్, డివిండ్ 1969లో కొంచెం సవరించిన పద్ధతి ప్రకటించారు. పద్నాలుగు అంగుళాల పై పేగుని, చివర్లో నాలుగు అంగుళాల కింది పేగుకి కలపడం. 1970ల్లో అమెరికాలో వేలమందికి ఈ ఆపరేషన్ చేశారు. ఇది బాగా పనిచేసింది కూడా, బరువు ఒక్కటే లెక్కయితే. కానీ మూత్రపిండాల్లో రాళ్ళు, కీళ్ళనొప్పులు, విటమిన్ల లోపం, కొందరిలో కాలేయం పూర్తిగా పాడైపోవడం, ఇవన్నీ నెలల తరవాత, ఏళ్ళ తరవాత వచ్చాయి. వాడకుండా వదిలేసిన పేగులో సూక్ష్మక్రిములు పెరిగి కీళ్ళకీ కాలేయానికీ చేటు చేస్తాయని తరవాత తెలిసింది. ఇక్కడ నొప్పి ప్రశ్నకి వచ్చిన జవాబు విచిత్రమైనది. కోత నొప్పి పది రోజుల్లో తగ్గిపోయేది. పొద్దస్తమానం మరుగుదొడ్డి చుట్టూ తిరగడం, వేళ్ళ కీళ్ళు వాచిపోవడం జీవితంలో భాగమైపోయేవి. కోలుకోవడం అనే మాటకి అసలు చివరి తేదీ లేదు. పైగా కొంతమంది వైద్యులు ఆ విరేచనాలని కూడా చికిత్సలో భాగంగానే చూశారు. నూనె వస్తువులు తింటే విరేచనం అవుతుంది కాబట్టి భయపడి తినడు, ఇదీ తర్కం. నిందితుడికి శిక్ష వేసినట్టుందని నాకనిపిస్తే నా తప్పు కాదు.

అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ వేరే దారిలో వచ్చాడు. కడుపులో పుండ్లకి జీర్ణాశయంలో కొంత భాగం తీసేసిన రోగులు, ముఖ్యంగా ఆడవాళ్ళు, తరవాత మళ్ళీ బరువు పెరగలేకపోవడం ఆయన గమనించాడు. సర్జన్లందరూ దీన్ని ఒక దుష్ఫలితంగానే చూస్తున్న రోజులవి. 1966లో చికాషి ఇటోతో కలిసి జీర్ణాశయాన్ని అడ్డంగా రెండు చేసి, పై చిన్న సంచిని చిన్నపేగుకి కలిపాడు. గ్యాస్ట్రిక్ బైపాస్ అలా పుట్టింది. తరవాత 1977లో కెంటకీలో గ్రిఫెన్ పేగుని ఇంగ్లీషు వై అక్షరం ఆకారంలో కలిపే పద్ధతి తెచ్చాడు, ఇప్పటికీ అదే వాడతారు. మేసన్‌లో నాకు నచ్చే గుణం ఇంకొకటుంది. చేసిన ఆపరేషన్లన్నిటినీ ఒక రిజిస్టరులో ఎక్కించి, ఏళ్ళ తరబడి వెంటపడి చూడాలని పట్టుబట్టినవాడాయన. చిన్నపేగు బైపాస్ కథ ఆలస్యంగా ఎందుకు బయటపడిందో ఆయనకి తెలుసు.

ఆ రోజుల్లో బైపాస్ అంటే రొమ్ము ఎముక కింద మొదలై బొడ్డు దాకా వచ్చే కోత. లావుపాటి మనిషికి ఆ కోత పెట్టడంలో ఒక చిక్కు ఉంది, అది కొంచెం వివరంగా చెప్పాలి. పై పొట్ట మీద కోత ఉన్నవాడికి గట్టిగా ఊపిరి తీస్తే నొప్పి. అందుకని పైపైన పీలుస్తాడు, దగ్గు వస్తే ఆపుకుంటాడు. ఊపిరితిత్తుల అడుగు భాగాలు ముడుచుకుపోతాయి, అక్కడ నెమ్ము చేరుతుంది. పొట్ట బరువు ఎలాగూ ఆ భాగాన్ని పైకి నొక్కుతూనే ఉంటుంది. సరే నొప్పి తగ్గిద్దామని మార్ఫిన్ ఇస్తే, అది ఊపిరి తీసుకోవాలన్న ప్రేరణనే తగ్గిస్తుంది. లావుగా ఉండి గురకపెట్టి, నిద్రలో ఊపిరి ఆగి ఆగి తీసే మనిషికి అది ప్రాణాంతకం కావచ్చు. ఇవ్వకపోతే ఒక ప్రమాదం, ఇస్తే ఒకటి. మంచం మీంచి లేచి నడవకపోతే కాళ్ళలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, అది మూడోది. నొప్పి అనేది ఇక్కడ ఓర్చుకుంటే పోయే విషయం కాదు. ‘ఓర్చుకోండమ్మా’ అని నర్సు చెప్పే మాట వైద్యపరంగానే తప్పు.

ఇక్కడ నా కథానాయకుడు వస్తాడు. ఆయనకీ బరువు తగ్గించే శస్త్రచికిత్సకీ నేరుగా సంబంధం లేదు.

బోస్టన్‌లో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్. 1846 అక్టోబరు 16న ఈథర్ మత్తులో అందరి ముందూ ఆపరేషన్ చేసి చూపించిన చోటు. అక్కడే తరవాతి కాలంలో హెన్రీ బీచర్ అనే మత్తు డాక్టరు ఉండేవాడు. రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీలో పనిచేసినప్పుడు ఆయన ఒక వింత చూశాడు. ఘోరమైన గాయాలతో వచ్చిన సైనికుల్లో ఎక్కువమంది నొప్పిమందు అడగలేదు. యుద్ధం తరవాత పౌరులతో పోల్చి చూస్తే, అంతకన్నా చిన్న కోతలకే వాళ్ళు ఎక్కువగా మందు అడిగారు. సైనికుడికి గాయమంటే ఇంటికి వెళ్ళే టికెట్టు, పౌరుడికి గాయమంటే ఆపద, కాబట్టి గాయం సైజుకీ నొప్పి సైజుకీ సూటి లెక్క లేదని బీచర్ వాదన. దీన్ని సైనికుల వీరత్వం కింద జమ కట్టేవాళ్ళూ ఉన్నారు గానీ, బీచర్ ఆ మాట అనలేదు.

అదే ఆసుపత్రిలో లారెన్స్ ఎగ్‌బర్ట్, ఆయన సహచరులు 1964లో ఒక ప్రయోగం ప్రకటించారు. పొట్ట ఆపరేషన్లకి వచ్చిన 97 మంది రోగులు. ఆపరేషన్ ముందు రాత్రి మత్తు డాక్టరు అందరి దగ్గరికీ వెళ్ళి మత్తు ఎలా ఇస్తారో చెప్పాడు. అందులో సగానికి కొంచెం తక్కువమందికి మాత్రం ఇంకొన్ని మాటలు ఎక్కువ చెప్పాడు. లేచాక నొప్పి ఉంటుంది. ఇక్కడ ఉంటుంది, ఇంత ఉంటుంది, ఇన్నాళ్ళుంటుంది. కోత కింద కండరం బిగుసుకుపోవడం వల్ల అలా వస్తుంది, బాగా ఊపిరి పీల్చి వదులు చేస్తే తగ్గుతుంది. పక్కకి తిరగాలంటే పొట్ట మీద భారం వెయ్యకుండా చేతులూ కాళ్ళూ ఇలా వాడాలి. అప్పటికీ భరించలేకపోతే మందు అడగండి, ఇస్తారు. ఆపరేషన్ అయ్యాక కూడా వెళ్ళి మళ్ళీ చెప్పాడు. ఎవరికి చెప్పారో ఎవరికి చెప్పలేదో సర్జన్లకీ వార్డు నర్సులకీ తెలియదు. మాటలు విన్నవాళ్ళు వాడిన మత్తు నొప్పిమందు దాదాపు సగానికి పడిపోయింది. ఏమీ తెలియని సర్జన్లు వాళ్ళని సగటున 2.7 రోజులు ముందే ఇంటికి పంపారు.

నేను ఈ వ్యాసం గురించి చదివి రెండుమూడు రోజులు దాన్నే తలుచుకుంటూ ఉండిపోయాను. ‘నొప్పి ఉండదు’ అని ఎగ్‌బర్ట్ ఎవరికీ చెప్పలేదు. ధైర్యంగా ఉండమనీ అనలేదు. నొప్పికి ఒక చిరునామా ఇచ్చాడు, గడువు ఇచ్చాడు, చేత్తో చెయ్యగలిగిన పని ఒకటి ఇచ్చాడు. ఎక్కడ నొప్పి పుట్టినా లోపల కుట్లు తెగిపోయాయేమో అని బెదిరిపోయే మనిషికి, ఇది వస్తుందని ముందే చెప్పారు కదా అనిపించడం ఎంత తేడా! అరవై ఏళ్ళ కిందటి ఒక చిన్న ప్రయోగమే, దాన్ని వేదంలా పట్టుకోనక్కర్లేదు. కానీ ఇంత ఖర్చు తక్కువ చికిత్స ఇంకోటి చెప్పండి.

తరవాతి పెద్ద మలుపు మాటల వల్ల రాలేదు, కెమెరా వల్ల వచ్చింది. 1985లో జర్మనీలో ఎరిక్ మూహె, 1987లో ఫ్రాన్సులో ఫిలిప్ మూరే చిన్న రంధ్రాల్లోంచి పిత్తాశయం తీశారు. అక్కణ్ణించి కొన్నేళ్ళలోనే శాన్ డియేగోలో విట్‌గ్రోవ్, క్లార్క్ గ్యాస్ట్రిక్ బైపాస్‌ని కూడా రంధ్రాల్లోంచి చేసి 1994లో ప్రకటించారు. 1999లో అమెరికన్ గాయని కార్నీ విల్సన్ తన ఆపరేషన్‌ని ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష ప్రసారం చేయించుకుంది, చేసిన సర్జన్ ఈ విట్‌గ్రోవే. డయలప్ రోజులవి, ఎంతమందికి బొమ్మ ఆగకుండా కనబడిందో గానీ, ఈ ఆపరేషన్ గురించి జనం మాట్లాడుకునే తీరు దాంతో మారింది. అప్పటిదాకా ఆఖరి అస్త్రం. ఇప్పుడు వారం సెలవు పెట్టి చేయించుకునే పని.

నిజంగా ఎంత మారింది? 2001లో నిన్ అనే సర్జన్ బృందం కాలిఫోర్నియాలో 155 మందిని చీటీ వేసినట్టు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకి పెద్ద కోతతో, ఇంకో జట్టుకి రంధ్రాలతో బైపాస్ చేసింది. ఆసుపత్రిలో ఉన్న రోజులు నాలుగు బదులు మూడు. అంతే తేడా. ప్రకటనలు చదివి ఆ అంకె చూస్తే నిరుత్సాహంగా ఉంటుంది. అయితే రంధ్రాల జట్టులో వాళ్ళు ఇంటి పనుల్లోకీ ఉద్యోగాల్లోకీ త్వరగా వెళ్ళారు. గాయంలో చీము పట్టడం, ఆ తరవాత హెర్నియా రావడం పెద్ద కోత జట్టులోనే ఎక్కువ. నొప్పిమందు కూడా రంధ్రాలవాళ్ళకి తక్కువే పట్టింది. ఊపిరితిత్తుల చిక్కు చాలావరకు సడలిందన్నమాట. ఇది చిన్న విషయం కాదు.

కానీ నొప్పి పోలేదు, చోటు మారింది. రంధ్రాల్లోంచి పని చెయ్యాలంటే పొట్టని కార్బన్ డయాక్సైడ్‌తో బూరలా ఉబ్బించాలి. దాని వల్ల ఉదరవితానం సాగుతుంది, రేగుతుంది. ఆ పొరకి వెళ్ళే నరం మెడలోంచి బయల్దేరుతుంది, భుజం మీది చర్మానికి వెళ్ళే నరాలదీ అదే ఊరు. మెదడుకి ఏ ఇంటినించి ఫోనొచ్చిందో తెలియక భుజం నొప్పి అనుకుంటుంది. పొట్ట ఆపరేషన్ అయిన రాత్రి భుజం పోటు వస్తే, ముందు చెప్పి ఉంచకపోతే, గుండెపోటే అనుకుంటారు ఎవరైనా. డాలస్‌లో నా పాత సహోద్యోగి ఒకతను స్లీవ్ చేయించుకున్న మర్నాడు తెల్లారుజామున అలాగే హడలిపోయాడు. అతనికిచ్చిన కాగితాల దొంతరలో ఈ సంగతి రాసే ఉంది, పదకొండో పేజీలో. రాసి ఇవ్వడానికీ చెప్పడానికీ ఉన్న దూరం ఎగ్‌బర్ట్‌కి తెలుసు.

స్లీవ్ అన్నాను కదా, అది ఇప్పుడు ఎక్కువగా చేసే ఆపరేషన్. జీర్ణాశయంలో మూడొంతులకి పైగా కోసి తీసేసి, మిగిలినదాన్ని అరటికాయంత గొట్టంగా మిగులుస్తారు. మొదట్లో ఇది మరీ భారీగా ఉన్నవాళ్ళకి పెద్ద ఆపరేషన్‌కి ముందు వేసే తొలి మెట్టు. చాలామంది రెండో మెట్టు అవసరం పడకుండానే తగ్గారు, దాంతో అదే ఒక చికిత్సయి కూర్చుంది. దీని తరవాత మొదటి రెండు రోజుల్లో కోత నొప్పి కన్నా వికారం ఎక్కువ బాధిస్తుంది. గుక్కెడు నీళ్ళు మింగితే ఛాతీలో పట్టేసినట్టుంటుంది. రెండు వారాలు ద్రవాలు, తరవాత మెత్తటివి, ఘనాహారానికి నెల పైనే. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగానికి రెండుమూడు వారాల్లో వెళ్ళొచ్చు. బరువులెత్తే పనికి నెలా నెలన్నర.

మధ్యలో అమెరికాలో ఇంకో అధ్యాయం నడిచింది. 1990ల చివర్లో నొప్పిని నాడి, రక్తపోటులతో పాటు ఐదో ప్రాణలక్షణంగా కొలవాలన్న ఉద్యమం వచ్చింది. సున్నా నించి పది దాకా మార్కులు. ఉద్దేశం మంచిదే, నొప్పిని పట్టించుకోని వైద్యానికి అది జవాబు. కానీ అదే కాలంలో ఓపియాయిడ్ మాత్రల అమ్మకాలు ఊపందుకున్నాయి, మార్కు తగ్గించడానికి మాత్ర రాయడం అలవాటైంది. 2013లో వచ్చిన ఒక అధ్యయనం ఆపరేషన్‌కి ముందే అలాంటి మాత్రలు దీర్ఘకాలంగా వాడుతున్న 933 మందిని చూసింది. మోకాళ్ళ మీద బరువు తగ్గాక మాత్రలు మానేస్తారని ఎవరైనా అనుకుంటారు. 77 శాతం మంది ఏడాది తరవాతా వాడుతూనే ఉన్నారు.

డెన్మార్క్‌లో హెన్రిక్ కెలెట్ 1990ల నించి చెబుతూ వచ్చింది ఈ గొడవకి కొంత విరుగుడు. ఒక్క బలమైన మందు మీద ఆధారపడకుండా కోత దగ్గర మొద్దుబార్చే ఇంజెక్షను, పారాసిటమాల్, ఇంకా తేలికపాటి మందులు కలిపి వాడడం, ఆ రోజే లేపి నడిపించడం, రోగికి ముందే అన్నీ చెప్పడం. బరువు ఆపరేషన్లకి ఇలాంటి మార్గదర్శకాలు 2016లో వచ్చాయి. అందులో ముందుగా చెప్పడం కూడా ఒక అంశం.

మన దగ్గరికొస్తే సమస్య వేరే రూపంలో ఉంటుంది. హైదరాబాద్ ఫ్లైఓవర్ల పక్కన హోర్డింగుల మీద ‘నొప్పి లేకుండా’ అన్న మాట పెద్దక్షరాల్లో కనబడుతుంది. నా దృష్టిలో అది ప్రమాదకరమైన మాట. నొప్పి ఉండదని నమ్మి వచ్చినవాడు మామూలు నొప్పికే భయపడతాడు. లేదా, ఇంకా ఘోరంగా, ఏది మామూలు, ఏది కాదు అన్న తేడా ఎవరూ చెప్పక ఇంట్లో పడుకుంటాడు. కుట్టిన చోట లోపల లీకయితే నొప్పి ఎప్పుడూ గట్టిగా అరిచి చెప్పదు. ఒక్కోసారి నాడి నిమిషానికి 120 దాటడం, జ్వరం, కారణం తెలియని ఆందోళన, ఇవే మొదటి కబుర్లు. ‘అల్లుడుగారికి కంగారెక్కువ’ అని ఇంట్లోవాళ్ళు తేల్చేస్తే అంతే సంగతులు.

ఇంట్లోవాళ్ళకి చెబితేనే కదా ఆ మాటైనా అనేది. చాలామంది హెర్నియా అనో పిత్తాశయంలో రాళ్ళనో చెప్పి చేయించుకుంటారు. చెబితే ‘నోరు కట్టుకోలేక కడుపు కోయించుకున్నాడు’ అంటారు. చరకుడి జాబితా ఎక్కడికీ పోలేదు. బాలింతకి ఏం పెట్టాలో, పచ్చకామెర్లకి ఏం పెట్టకూడదో మన అమ్మమ్మల దగ్గర తరాల నాటి పథ్యం ఉంది. కడుపు పావు వంతయిన మనిషికి ఏం పెట్టాలో ఎవరికీ తెలియదు. చూడ్డానికొచ్చిన పిన్ని జాలిపడి ఇంకో ముద్ద కలుపుతుంది. ఆ ముద్ద అతనికి ఛాతీలో గునపం.

మాత్రల సంగతి మరీ ముఖ్యం. మనకి మోకాలు నొప్పన్నా నడుము నొప్పన్నా మెడికల్ షాపుకెళ్ళి వోవెరాన్ ఒకటి, కాంబిఫ్లామ్ ఒకటి కొనుక్కోవడం అలవాటు. బైపాస్ అయిన మనిషికి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి పేగు కలిపిన చోట పుండు పుట్టించగలవు, అది రక్తస్రావం దాకా పోవచ్చు. పదేళ్ళ తరవాతయినా సరే. డిశ్చార్జి రోజు చెప్పిన మాట పదేళ్ళు ఎవరు గుర్తుపెట్టుకుంటారు? షాపులో ఉన్న కుర్రాడికి ఎవరు చెప్తారు?

ఇంతకీ ఈ బాధంతా పడితే పాత నొప్పులు తగ్గుతాయా? స్వీడన్‌లో 1987లో మొదలైన పెద్ద పరిశీలనలో, 2007లో వచ్చిన లెక్కల ప్రకారం, ఆపరేషన్ చేయించుకున్న 2010 మందిలో 101 మంది, చేయించుకోని 2037 మందిలో 129 మంది చనిపోయారు. సగటున పదకొండేళ్ళ కాలంలో అది. ప్రాణం సంగతి అలా ఉంచి ఒళ్ళు నొప్పుల సంగతి అడిగితే, అమెరికాలో రెండువేల పైచిలుకు మందిని మూడేళ్ళు గమనించిన ఒక అధ్యయనం 2016లో వచ్చింది. మొదటి ఏడాది చివర 58 శాతం మందికి ఒళ్ళునొప్పులు చెప్పుకోదగ్గంత తగ్గాయి. మూడో ఏడాదికి ఆ అంకె 49కి దిగింది. సగానికి సగం అనుకోండి. చాలామంది మొదటి ఏడాది ఫొటోలు చూసి నిర్ణయం తీసుకుంటారు, మూడో ఏడాది ఫొటో ఎవరూ గోడ మీద పెట్టరు.

ఎగ్‌బర్ట్ ప్రయోగంలో ఇంకో చిన్న వివరం ఉంది. ఆ రోజుల్లో రోగిని ముందు రోజే చేర్చుకునేవాళ్ళు, అందుకే మత్తు డాక్టరుకి ఒక సాయంత్రం దొరికింది. ఇప్పుడు చాలా చోట్ల ఆపరేషన్ రోజు తెల్లవారి ఐదున్నరకి రమ్మంటారు. సంతకాలు, చేతికి పట్టీ, సెలైను. మత్తు డాక్టరు తెర పక్కకి జరిపి పేరు అడిగి, పళ్ళు కట్టుడువా అని చూసి, ఏవైనా ప్రశ్నలున్నాయా అంటాడు. ఖాళీ కడుపుతో, వెనక ముడులేసిన గౌనులో ఉన్న మనిషికి ఆ సమయంలో ప్రశ్నలేం గుర్తుంటాయి? లేవండి అంటాడు.